గుర్రం మంచిదే, గుర్రపు గుడ్డు మాత్రం కొనవద్దు

పరమానందయ్య శిష్యుల కథ మనమందరం చిన్నతనంలో విని నవ్వుకున్నదే. వృద్ధుడైన గురువుగారికి గుర్రం కావాలి. గుర్రం కొనేంత ధనం లేదు. అప్పుడొకడు గుమ్మడికాయను చూపి, ఇది గుర్రపు గుడ్డు, పొదిగిస్తే పిల్ల పుడుతుందన్నాడు. శిష్యులు నమ్మి కొన్నారు. దారిలో కాయ జారి పగిలింది. పక్క పొదలోని కుందేలు బెదిరి పరుగెత్తితే, అదే గుర్రపు పిల్ల అనుకొని దాని వెంటపడ్డారు. ఈ కథలో మనం గమనించని విషయం ఒకటున్నది. ఆ శిష్యుల అవసరం నిజమైనది. గురువుగారు నడవలేకపోతున్నారు. అవసరం ఎంత గాఢమైతే నమ్మకం అంత సులభంగా కలుగుతుంది. అమ్మేవాడికి కావలసినది అదే.

ఆ గుడ్డు ఇప్పుడు ‘అశ్వచికిత్స’ అనే కొత్త పేరుతో అంగడికి వచ్చింది. మహానగరాల శివార్లలోని గుర్రపు స్వారీ పాఠశాలల ప్రకటనలలోనూ, చేతి ఫోనుకు చేరే వీడియోలలోనూ ఇది కనిపిస్తుంది. గుర్రమెక్కితే ఆటిజం తగ్గిపోతుందనీ, మాటలు రాని బిడ్డకు మాటలు వస్తాయనీ, నడవలేని బిడ్డ నడుస్తాడనీ, చదువులో వెనుకబడినవాడు ముందుకు వస్తాడనీ, దిగులు, ఆందోళన మాయమవుతాయనీ చెబుతున్నారు. ఒక్క జంతువుకు ఇన్ని మహిమలు అంటగట్టినప్పుడు వైద్యుడైనవాడు మౌనంగా ఉండరాదు.

నా వాదన ఒక్కటే. గుర్రం మంచి వ్యాయామ సాధనం, మంచి సహచరి. అది మందు కాదు. శిక్షణ పొందిన చికిత్సకులు లేనిచోట జరిగే స్వారీకి ‘చికిత్స’ అనే పేరు పెట్టి, రోగి కుటుంబం నుంచి ధనం తీసుకునే హక్కు ఎవరికీ లేదు. ఎందుకు లేదో వివరిస్తాను. ఓపికతో చదవండి.

పేరు ఒకటి, పనులు నాలుగు

ముందుగా మాటలను వేరు చేసుకుందాం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవారికి మాటల కలగాపులగమే పెట్టుబడి.

మొదటిది హిప్పోథెరపీ. హిప్పో అనగానే నీటి ఏనుగు గుర్తుకు రానక్కరలేదు. గ్రీకు భాషలో హిప్పోస్ అంటే గుర్రం. ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, లేదా స్పీచ్ థెరపిస్టు తమ చికిత్సలో భాగంగా గుర్రపు నడకలోని కదలికను ఒక ఉపకరణంగా వాడుకోవడమే ఇది. ఇక్కడ చికిత్స చేసేది మనిషి, గుర్రం సాధనం.

రెండవది, వైకల్యం ఉన్నవారికి అనువుగా మార్చి నేర్పే స్వారీ. ఇది క్రీడ, వినోదం, వ్యాయామం. నేర్పేవారు స్వారీ శిక్షకులు.

మూడవది, మానసిక చికిత్సలో గుర్రపు సాంగత్యాన్ని వాడుకోవడం. ఇందులో చాలాసార్లు గుర్రమెక్కరు. దానిని తోముతారు, మేపుతారు, పగ్గం పట్టి నడిపిస్తారు. చికిత్స చేయవలసినవారు సైకాలజిస్టు గాని మానసిక వైద్యులు గాని.

నాలుగవది, గుర్రాలతో మెలగుతూ క్రమశిక్షణ, ఓర్పు, బాధ్యత నేర్చుకునే విద్యాకార్యక్రమం. దీనిని నడిపించవలసినవారు ఉపాధ్యాయులు.

ఈ నాలుగింటికీ విలువ ఉన్నది. కాని రెండవ పని చేస్తూ మొదటి పేరు పెట్టుకోవడం, నాలుగవ పనికి మూడవదాని రుసుము వసూలు చేయడం మోసం. స్వారీ నేర్పడంలో ఎంత నిపుణుడైనా శిక్షకుడు ఫిజియోథెరపిస్టు కాలేడు. ఫిజియోథెరపిస్టు కూడా గుర్రాల గురించి నేర్చుకోకుండా ఈ పనికి దిగరాదు.

గుర్రపు నడక చేసే మేలు

నేను గుర్రానికి వ్యతిరేకిని కాను. దాని వలన కలిగే మేలు ఎక్కడ నుంచి వస్తుందో తెలిస్తే, ఎక్కడ రాదో కూడా మీకే తెలుస్తుంది.

గుర్రం నెమ్మదిగా నడిచేటప్పుడు దాని నాలుగు కాళ్ళూ ఒకదాని తరువాత ఒకటి నేలను తాకుతాయి. వీపు ముందుకు వెనుకకు, అటూ ఇటూ, కొద్దిగా మెలి తిరుగుతూ కదులుతుంది. పైన కూర్చున్నవారి కటివలయం, అంటే తుంటి ఎముకల గూడు, ఆ కదలికకు లోనై, మనిషి తన కాళ్ళపై నడిచేటప్పుడు కదిలే తీరుకు దగ్గరగా కదులుతుంది. నిమిషానికి సుమారు 100 సార్లు ఇది జరుగుతుంది. అంటే అరగంటలో దాదాపు 3000 సార్లు ఆ బిడ్డ నడుము, వెన్ను తమ సమతూకాన్ని తాము సరిచేసుకోవలసి వస్తుంది. ఏ వ్యాయామశాలలోనైనా ఒక పసివాడి చేత విసుగు లేకుండా అన్నిసార్లు ఒకే పని చేయించడం కష్టం.

మస్తిష్క పక్షవాతం, అంటే మీరు సెరిబ్రల్ పాల్సీ అని వినేది, పుట్టుకకు ముందు గాని, పుట్టేటప్పుడు గాని, పసితనంలో గాని ఎదుగుతున్న మెదడుకు కలిగిన హాని వలన వస్తుంది. కండరాలు బిగుసుకుపోతాయి, నిలకడ కుదరదు. అటువంటి బిడ్డ గుర్రంపై కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చున్నప్పుడు తొడల లోపలి కండరాలు మెల్లగా సాగుతాయి. వెన్నును నిలబెట్టే కండరాలకు పని కలుగుతుంది. చికిత్సకులు గుర్రాన్ని నడిపించేవాని చేత వేగం మార్పిస్తారు, మలుపులు తిప్పిస్తారు, ఆపి మళ్ళీ కదిలిస్తారు, ఒక్కొక్కప్పుడు బిడ్డను వెనుకవైపు తిప్పి కూర్చోబెడతారు. ప్రతి మార్పుకూ ఒక ప్రయోజనం ఉంటుంది.

ఇందులో మహిమ ఏదీ లేదు. బలవిజ్ఞానం ఉన్నది. యాంత్రిక గుర్రాలతో కూడా ఇటువంటి వ్యాయామం చేయించి పరిశోధకులు పరీక్షించారు. మేలు చేసేది కదలిక. ఆ కదలికను ఈ బిడ్డకు ఎంత, ఎలా, ఎన్నాళ్ళు ఇవ్వాలో తెలిసినవారు పక్కన లేకపోతే మిగిలేది జాతరలో గుర్రమెక్కిన సరదా.

పతకం చెప్పే పాఠం

ఈ రంగంలో అందరూ చెప్పే కథ లిజ్ హార్టెల్ గారిది. ఆమె డెన్మార్కు దేశపు రౌతు. 1944లో గర్భవతిగా ఉన్నప్పుడు పోలియో సోకి, మోకాళ్ళ క్రింద కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడ్డాయి. ఆమె పట్టు విడువలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, స్త్రీలు పురుషులతో కలిసి గుర్రపు డ్రెసాజ్ పోటీలో పాల్గొనడానికి మొదటిసారి అనుమతి లభించినప్పుడు, ఆమె రజత పతకం గెలిచారు. 1956లో మరొక రజతం గెలిచారు. గుర్రమెక్కడానికి, దిగడానికి ఆమెకు ఇతరుల సాయం కావలసి ఉండేది. ఆమె విజయం ఎందరికో స్ఫూర్తినిచ్చింది. 1969లో బ్రిటనులోనూ, అమెరికాలోనూ వికలాంగుల స్వారీ కోసం జాతీయ సంఘాలు వెలిశాయి.

ఇప్పుడు ఈ కథను ప్రకటనలలో ఎలా చెబుతారో చూడండి: ‘పోలియో వచ్చిన స్త్రీని గుర్రం ఒలింపిక్ విజేతను చేసింది.’ ఇది కథను తలక్రిందులు చేయడమే. ఆమె పోలియోకు ముందే మంచి రౌతు. స్వారీతో ఆమె శక్తి, సమతూకం మెరుగుపడి ఉండవచ్చు గాని, పోలియో చంపిన నాడీకణాలు తిరిగి పుట్టలేదు. పతకం అందుకున్ననాడు కూడా ఆమె కాళ్ళు చచ్చుబడే ఉన్నాయి. ఆమె గెలిచినది వైకల్యం పోయినందు వలన కాదు. వైకల్యం ఉండగానే గెలిచారు. ఒక వైద్యునిగా నాకు ఈ కథలో కనిపించే గొప్పతనం అదే. మీ బిడ్డకు వైకల్యం పోతుందని చెప్పేవారి కంటే, వైకల్యంతోనే గౌరవంగా, ఆనందంగా జీవించే దారి చూపేవారు మీకు నిజమైన ఆప్తులు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

‘అశ్వచికిత్స ఫలితాలు శాస్త్రీయంగా నిరూపితం’ అని ప్రకటనలలో వ్రాస్తారు. ఏ జబ్బుకు, ఏ ఫలితం, ఎంత మేరకు అని వ్రాయరు. తెలిసినంత చెబుతాను.

మస్తిష్క పక్షవాతం ఉన్న 99 మంది పిల్లలతో ఆస్ట్రేలియాలో జరిగి, 2009లో ప్రచురితమైన యాదృచ్ఛిక పరీక్షలో 10 వారాల స్వారీ కార్యక్రమం తరువాత స్వారీ చేసినవారికి, చేయనివారికి మధ్య శరీర చలనంలో గాని, ఆరోగ్యంలో గాని, జీవన నాణ్యతలో గాని చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2014లో కొరియా పరిశోధకులు 92 మంది పిల్లలతో మరొక పరీక్ష ప్రచురించారు. వారానికి 2 సార్లు, అరగంట చొప్పున, 8 వారాలు చేసిన హిప్పోథెరపీతో చలనశక్తి, సమతూకం మెరుగుపడ్డాయి. అంటే ఫలితం ఎవరికి, ఎంత తరచుగా, ఎవరి చేతుల మీదుగా అన్నదానిపై ఆధారపడి ఉండవచ్చు. మెరుగుదల వేరు, నయం కావడం వేరు.

ఆటిజం విషయంలో 2015లో అమెరికాలో ప్రచురితమైన పరీక్ష చెప్పుకోదగినది. 6 నుంచి 16 ఏళ్ళ వయసున్న 127 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు 10 వారాలు స్వారీ చేసింది. రెండవ జట్టు నిజమైన గుర్రాలు లేకుండా అశ్వశాలలోనే గుర్రాల గురించి నేర్చుకుంది. స్వారీ చేసినవారిలో చిరాకు, అతిచలనం కొంత తగ్గాయి. పలికే మాటలు, ఇతరులతో సంభాషించే తీరు కొంత మెరుగుపడ్డాయి. సంతోషించవలసిన విషయమే. కాని ఆటిజం పోయిందని ఆ పరిశోధకులు చెప్పలేదు. చెబుతున్నవారు వ్యాపారులు.

మానసిక వ్యాధుల విషయంలో 2014లో 14 అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష, అశ్వసహాయ చికిత్సలకు తగిన ఆధారం లేదనీ, ఆ అధ్యయనాలన్నింటిలోనూ తీవ్రమైన లోపాలున్నాయనీ తేల్చింది.

పోల్చి చూసే రెండవ జట్టు ఎందుకంత అవసరమని మీరు అడగవచ్చు. దానికి సమాధానం కూడా ఒక గుర్రమే చెబుతుంది. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేస్తున్నదని లోకమంతా ఆశ్చర్యపోయింది. ప్రశ్న అడిగితే గిట్టతో నేలను తట్టి సరియైన సంఖ్య దగ్గర ఆగేది. యజమాని మోసగాడు కాడు. ఆయనా మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆస్కార్ ఫంగ్స్ట్ అనే పరిశోధకుడు దానిని పరీక్షించి 1907లో గుట్టు విప్పాడు. అడిగేవానికి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ జవాబు తెలియలేదు. జవాబు దగ్గర పడినప్పుడు అడిగేవాని ముఖంలోనూ శరీరంలోనూ కలిగే అతి సూక్ష్మమైన మార్పును చూసి అది ఆగేది.

ఈ ఉదంతంలో రెండు సత్యాలున్నాయి. మనిషి శరీరభాషను పసిగట్టడంలో గుర్రం అసామాన్యమైనది. మాట రాని బిడ్డ దాని వద్ద కుదుటపడడంలో వింత లేదు. రెండవ సత్యం, నిజాయితీగల మనుషులు కూడా తాము చూడదలచినదే చూస్తారు. ధనం చెల్లించి, ఆశతో ఎదురుచూసే తల్లిదండ్రులకు బిడ్డలో మార్పు కనిపించడం సహజం. అందుకే ‘మా అబ్బాయిలో ఎంతో మార్పు వచ్చింది’ అనే ఒక తల్లి వీడియో ఆ తల్లి ప్రేమకు సాక్ష్యమే గాని, చికిత్సకు సాక్ష్యం కాదు.

సీసాలోని గుర్రానికి ఉన్న కట్టుబాటు

గుర్రం వైద్యంలోకి నిన్న మొన్న వచ్చినది కాదు. కంఠసర్పి, అంటే డిఫ్తీరియాతో పిల్లలు ఊపిరాడక మరణిస్తున్న కాలంలో ఆ జబ్బుకు విరుగుడు మందును గుర్రాల రక్తరసి నుంచి తీశారు. రక్తరసి చికిత్సకు మార్గం వేసిన బేరింగ్ మహాశయునికి 1901లో వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి లభించింది. నేటికీ మన పొలాలలో పాము కరిచిన రైతును కాపాడే సూదిమందు గుర్రాల రక్తరసి నుంచే తయారవుతున్నది. తెలుగు నేలపై గుర్రం ఎక్కువమంది ప్రాణాలు నిలిపినది ఆ సీసాలో ఉండే!

అదే 1901లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఘోరం జరిగింది. జిమ్ అనే గుర్రం అంతకుముందు పాలబండి లాగేది. దాని రక్తరసితో డిఫ్తీరియా విరుగుడు తయారుచేశారు. గుర్రానికి ధనుర్వాతం సోకింది. ఆ రసి వాడుకలోకి పోయింది. 13 మంది పిల్లలు ధనుర్వాతంతో మరణించారు. ఆ దుర్ఘటన కదిలించగా 1902లో అమెరికా ప్రభుత్వం జీవసంబంధమైన మందుల తయారీని అదుపు చేసే చట్టం చేసింది. నాటి నుంచి లైసెన్సులు, తనిఖీలు, పరీక్షలు వచ్చాయి.

గుర్రపు రక్తం సీసాలో వచ్చినప్పుడు ఎవరు తయారు చేశారు, ఎవరు పరీక్షించారు, గడువు ఎప్పటి వరకు అని మనం అడుగుతాం. అదే గుర్రం నాలుగు కాళ్ళపై నడిచి వచ్చి, దాని వీపున మన వికలాంగ శిశువును కూర్చోబెట్టినప్పుడు ఏమీ అడగకుండా ఎందుకు ఊరుకుంటున్నాం? చికిత్స అనే మాటకు మర్యాద ఉంటే బాధ్యత కూడా ఉండాలి.

‘నష్టమేముంది?’ అనేవారికి

‘గుర్రమెక్కితే బిడ్డ నవ్వుతున్నాడు. మేలు కాకపోయినా కీడు లేదు కదా’ అంటారు. నవ్వు విలువ నాకు తెలుసు. వికలాంగ శిశువుకు ఆటపై మిగిలిన పిల్లలకున్నంత హక్కు ఉన్నది. స్తోమత ఉండి, భద్రత ఉంటే గుర్రమెక్కించండి. దానిని ఆట అనండి. చికిత్స అన్నప్పుడే నష్టాలు మొదలవుతాయి.

మొదటి నష్టం కాలం. మెదడు త్వరగా ఎదిగే తొలి సంవత్సరాలు తిరిగి రావు. వారాంతపు స్వారీని నమ్మి, వాక్చికిత్స, ఫిజియోథెరపీ, ఇంట్లో రోజూ చేయించవలసిన అభ్యాసాలు వాయిదా వేసిన కుటుంబం కోల్పోయేది ధనం మాత్రమే కాదు.

రెండవ నష్టం ధనం. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. దాణా, గడ్డి, సాలి, నాడాలు, పశువైద్యం, కాపరులు కలిపి గుర్రాన్ని పోషించడం ఖరీదైన వ్యవహారం. ఆ ఖర్చంతా చివరకు పడేది తల్లిదండ్రుల మీదనే.

మూడవ నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. అది అపరాధభావం. పొలం తాకట్టు పెట్టి పట్నంలో కాపురం పెట్టి గుర్రపు చికిత్స చేయించమంటారా అని నన్నడిగిన తండ్రి ఒకరున్నారు. ‘అక్కరలేదు, మీ బిడ్డకు అందవలసినది ఏదీ ఆ గుర్రం దగ్గర ఆగిపోలేదు’ అని చెప్పేంతవరకు ఆయన ముఖంలో తాను తండ్రిగా ఓడిపోయాననే బాధ కనిపించింది. గుర్రం అద్భుతాలు చేస్తుందని ప్రచారం చేసేవారు, గుర్రమెక్కించలేని లక్షలాది పేద తల్లిదండ్రులకు ‘మా దగ్గర డబ్బు లేకనే మా బిడ్డ బాగుపడలేదు’ అనే శిక్ష వేస్తున్నారు. నా కోపానికి మూలం ఇదే.

కూర్చునే నిలకడ, సమతూకం పెంచడానికి పెద్ద బంతులు, గుండ్రని పొడవాటి దిండ్లు వంటి సాధనాలను ఫిజియోథెరపిస్టులు ఎంతోకాలంగా వాడుతున్నారు. వాటితో ఏ వ్యాయామం ఎలా చేయించాలో తల్లిదండ్రులకు నేర్పుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద 18 ఏళ్ళలోపు పిల్లలకు పరీక్షలు చేసి, ఎదుగుదల లోపాలున్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే ఏర్పాటు ఉన్నది. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా పథకం క్రింద లక్ష రూపాయల వరకు వైద్యపు ఖర్చులకు సాయం ఉన్నది. ఈ సంగతులు తెలియని తల్లిదండ్రులకు గుర్రపు వీడియోలు మాత్రం ఎలాగో చేరుతున్నాయి! ప్రభుత్వ కేంద్రాలలో సిబ్బంది కొరత ఉంటే దాని కోసం మనం గొంతెత్తాలి. ఆ కొరత అశ్వశాలలకు పెట్టుబడి కాకూడదు.

ఎవరు ఎక్కరాదు?

గుర్రం బెదిరే జంతువు. పారిపోవడమే దాని ఆత్మరక్షణ. ఎంత సాధువైనా, ఎగిరిన ప్లాస్టిక్ సంచికి, మ్రోగిన బాణసంచాకు ఉలిక్కిపడవచ్చు. అంత ఎత్తు నుంచి పడితే ఆరోగ్యవంతులకే ఎముకలు విరుగుతాయి, తలకు గాయాలవుతాయి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలలో కొందరికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పటుత్వం తక్కువగా ఉంటుంది. ఆ సంగతి పరీక్షించకుండా స్వారీ చేయిస్తే వెన్నుపాముకు హాని కలుగవచ్చు. తుంటికీలు తొలగినవారు, వెన్ను బాగా వంకర తిరిగినవారు, మూర్ఛలు అదుపులో లేనివారు, ఎముకలు పెళుసుబారినవారు, తలను నిలుపలేని పెద్ద పిల్లలు, గుర్రపు వెంట్రుకలతో గాని ఎండుగడ్డి ధూళితో గాని ఉబ్బసం వచ్చేవారు వైద్యుల అనుమతి లేకుండా ఎక్కరాదు. ధనుర్వాతపు బీజాలు గుర్రపు పేడలోనూ, అశ్వశాలల మట్టిలోనూ ఉంటాయి. టీకాలు సక్రమంగా వేయించి ఉండాలి. గ్లాండర్స్ అనే ప్రాణాంతక వ్యాధి గుర్రాల నుంచి మనుషులకు సోకగలదు. అందుచేత గుర్రాలకు రక్తపరీక్షలు జరిగాయా అని అడగడం మీ హక్కు.

గుర్రం పక్షాన రెండు మాటలు

ఈ వ్యవహారంలో నోరు లేని పక్షం గుర్రం. 2012 పశుగణనలో మన దేశంలో 6.25 లక్షల గుర్రాలు, పోనీలు ఉండగా, 2019 నాటికి అవి 3.4 లక్షలకు పడిపోయాయి. మిగిలినవాటిలో చాలావరకు బండ్లకు, ఇటుక బట్టీలకు, యాత్రాస్థలాలలో బరువులకు, పెండ్లి ఊరేగింపులకు అలసిపోయినవి. పందెపు మైదానం నుంచి విరమించిన గుర్రాన్ని తెచ్చి, తగిన శిక్షణ లేకుండా మరునాడే వికలాంగ శిశువును కూర్చోబెట్టడం ఇద్దరికీ అన్యాయం. పందెపు గుర్రానికి వంశపారంపర్యంగా వచ్చినది వేగం. ఇక్కడ కావలసినది నిదానం.

గుర్రంపై జీనుతో కలిపి దాని బరువులో అయిదవ వంతుకు మించి మోపరాదని సాధారణ నియమం. 250 కిలోల పోనీ 50 కిలోలకు మించి మోయరాదు. చెవులు వెనక్కి వాల్చడం, తోక విసరడం, జీను బిగించేటప్పుడు కరవబోవడం గుర్రం తన బాధను చెప్పుకునే తీరు.

ఇది జాలి మాట మాత్రమే కాదు, వైద్యపు మాట కూడా. మేలు చేసేది గుర్రపు నడకలోని సమలయ అని పైన చెప్పాను. వీపు నొప్పితోనో, గిట్ట పుండుతోనో కుంటుతున్న గుర్రం ఆ సమలయను ఎలా ఇవ్వగలదు? నొప్పిలో ఉన్న గుర్రం గడువు తీరిన మందు వంటిది. గుర్రాన్ని హింసించే చోట చికిత్స జరగదు.

అడగవలసిన ప్రశ్నలు

అశ్వచికిత్సకు మీ బిడ్డను తీసుకొని వెళ్ళదలచుకుంటే ఈ ప్రశ్నలు అడగండి. మొగమాటం వద్దు.

చికిత్స చేసేవారి చదువు ఏమిటి? ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, వాక్చికిత్స, లేదా మనస్తత్వ శాస్త్రంలో పట్టా ఉన్నదా? పునరావాస రంగానికి చెందినవారైతే భారత పునరావాస మండలిలో వారి నమోదు సంఖ్య ఏమిటి?

మా బిడ్డను చూసే వైద్యుల నుంచి లేఖ కోరకుండానే ఎలా చేర్చుకుంటున్నారు?

ఈ మూడు నెలలలో ఏ మార్పు ఆశించవచ్చు? దానిని ఎలా కొలుస్తారు? రాకపోతే ఆపివేయమని మీరే చెబుతారా?

బిడ్డ ఎక్కినప్పుడు గుర్రాన్ని నడిపించేవారు ఒకరు, అవసరమైతే ఇరుప్రక్కల నడిచేవారు ఇద్దరు ఉంటారా? శిరస్త్రాణం ఇస్తారా?

ఈ గుర్రం వయసెంత, రోజుకు ఎన్ని గంటలు పని చేస్తుంది, పశువైద్యుడు చివరిసారి ఎప్పుడు చూశాడు?

ఉన్న చికిత్సలు మానమని చెబుతారా? చెబితే ఆ క్షణమే లేచి వచ్చేయండి. ఆటిజం నయం చేస్తామంటే ఇక మిగిలిన ప్రశ్నలు అడగనక్కరలేదు.

ఈ ప్రశ్నలకు ఓపికగా సమాధానం చెప్పి, వ్రాతపూర్వకంగా చూపగలిగే కేంద్రాలు ఉంటే వాటిని గౌరవించండి. నిజాయితీగా పనిచేసే చికిత్సకులు ఈ విమర్శకు నొచ్చుకోనక్కరలేదు. దొంగ సరుకు అంగడి నుంచి పోతే మేలు కలిగేది మంచి సరుకు అమ్మేవారికే. ప్రభుత్వాలు కూడా ‘చికిత్స’ అనే పేరు పెట్టుకున్న ప్రతి అశ్వశాలలోనూ అర్హులైన చికిత్సకులు ఉండాలనీ, గుర్రాల ఆరోగ్య పత్రాలు ప్రదర్శించాలనీ, నయం చేస్తామనే ప్రకటనలు చెల్లవనీ నియమం చేయాలి. ఔషధ దుకాణానికి ఫార్మసిస్టు తప్పనిసరి అయినప్పుడు ఇది పెద్ద కోరిక కాదు.

పాఠకులారా, వికలాంగ శిశువు తల్లిదండ్రులు మీ బంధువులలోనో, ఇరుగుపొరుగులోనో తప్పక ఉంటారు. వారికి అద్భుతాల వీడియోలు పంపకండి. జిల్లా సత్వర చికిత్సా కేంద్రం చిరునామా కనుగొని పంపండి. వీలైతే వారంలో ఒక పూట ఆ బిడ్డను మీరు చూసుకొని, ఆ తల్లికి కాస్త విశ్రాంతి ఇవ్వండి. ఏ చికిత్సకైనా ముందు మీ వైద్యులతో మాట్లాడండి. స్తోమత ఉన్నవారు, భద్రత చూసుకొని, పిల్లలను గుర్రమెక్కించి ఆనందించండి. స్తోమత లేనివారు తమ బిడ్డకు ఏదో లోటు చేశామని ఒక్క క్షణం కూడా బాధపడకండి. మీరు కొనలేకపోయినది గుర్రాన్ని కాదు, గుర్రపు గుడ్డును.